పెరుగు, తరవాణి, చోడి అంబలి, క్యాప్సూల్: పొట్ట కోసం ఏది ఎవరికి?

"డాక్టరుగారు ఈ క్యాప్సూల్ కూడా రాశారు. ఇంట్లో పెరుగుంది కదా, ఇది అవసరమా?" ఒడిశాలోని రాయగడలో మా మందుల షాపుకి యాంటీబయాటిక్ చీటీతో వచ్చేవాళ్లు తరచూ అడిగే మాట ఇది. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. ఏ ఇబ్బందీ ఉండదు. ఫోన్లో ఏదో వీడియో చూసి "మంచి బ్యాక్టీరియా క్యాప్సూల్స్ ఒక డబ్బా ఇవ్వండి" అంటారు. మొదటి రకం వాళ్లకి ఆ క్యాప్సూల్ చాలాసార్లు పనికొస్తుంది. రెండో రకం వాళ్లు ఆ డబ్బులతో సంతలో చోళ్లు, అంటే రాగులు, పప్పులు కొనుక్కోవడం మేలు. ఎందుకో కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత తీరిక ఇద్దరికీ ఉండదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ మన దగ్గర, అంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉండే తెలుగు ఇళ్లలో, పొట్టకి మేలు చేసేవి ఎన్నో రకాలు అందుబాటులో ఉన్నాయి. ఇంటి పెరుగు, మజ్జిగ ఉన్నాయి. తరవాణి అన్నం ఉంది, ఒడియా ఇళ్లలో పఖాళ ఉంది. చోడి అంబలి ఉంది. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చిన్న సీసా డ్రింకులు వచ్చాయి. క్యాప్సూళ్లు, సాషేలు, పిల్లలకి తాగించే చిన్న ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి. ఈ మధ్య పోస్ట్‌బయోటిక్ అని మరో రకం కూడా మొదలైంది. అన్నీ ఒకే పని చేస్తాయనుకుని ఏదో ఒకటి పట్టుకుంటున్నారు. కానీ ఒక్కోటి చేసే పని వేరు.

ముందు పేగులో ఏం జరుగుతుందో చూడాలి

మనం తిన్న అన్నం, కూర చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలో కలుస్తాయి. పీచు మాత్రం అరగదు, అలాగే పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడ ఉండే బ్యాక్టీరియాకి అదే తిండి. అవి ఆ పీచుని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. వీటిని షార్ట్ చైన్ ఫ్యాటీ యాసిడ్స్ అంటారు. ముఖ్యమైనవి మూడు: ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్. ఇవి ఇంచుమించు 60, 20, 20 పాళ్లలో తయారవుతాయి.

ఈ మూడింటిలో బ్యూటిరేట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పెద్దపేగు లోపలి గోడలో ఉండే కణాలు తమకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దీని నుంచే తీసుకుంటాయి. మిగతా ఒళ్లంతా రక్తంలోని చక్కెర మీద, కొవ్వు మీద నడుస్తుంటే, ఈ కణాలు బ్యాక్టీరియా పెట్టిన తిండి మీద బతుకుతాయి. వాటికి తిండి అందినంతకాలం కణానికీ కణానికీ మధ్య అతుకు గట్టిగా ఉంటుంది, పేగులోని చెత్త రక్తంలోకి జారదు. ప్రొపియోనేట్ ఎక్కువగా కాలేయానికి పోతుంది. ఎసిటేట్ రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. పైగా ఈ ఆమ్లాల వల్ల పేగులో పులుపు పెరిగి, జబ్బు చేసే క్రిములు చాలావాటికి అక్కడ పెరగడం కష్టమవుతుంది. విటమిన్ కె, కొన్ని బి విటమిన్లు కూడా అక్కడి బ్యాక్టీరియా తయారుచేస్తాయి.

పీచు అందకపోతే అవి పస్తుండవు. మిగిలిపోయిన మాంసకృత్తుల మీద పడతాయి. అప్పుడు అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి ఎక్కువగా తయారవుతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పీచు లేని తిండి పెట్టినప్పుడు బ్యాక్టీరియా పేగు గోడ మీద ఉండే జిగురు పొరనే తినేశాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బ్యూటిరేట్‌ని ఎక్కువగా తయారుచేసేవి ఫీకాలిబాక్టీరియమ్, రోజ్‌బూరియా లాంటి జాతులు. ఇవి పెరుగులో ఉండవు. మా షాపులో అమ్మే మామూలు క్యాప్సూళ్లలోనూ ఉండవు. గాలి తగిలితే చచ్చిపోయే రకాలు కాబట్టి వాటిని పెంచి, డబ్బాలో పెట్టి అమ్మడం కష్టం. పెరుగులో ఉండేవి ముఖ్యంగా లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా. అవి మంచివే, కానీ వాటి పని వేరు. బ్యూటిరేట్ కావాలంటే పేగులో ఉన్నవాటికి పీచు పంపడమే దారి. రోజువారీ ఆరోగ్యానికి తిండి, ఫలానా ఇబ్బందికి ఫలానా రోజులు మాత్రమే క్యాప్సూల్ అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

పెరుగు, మజ్జిగ

ప్రోబయోటిక్ అనే మాటకి 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక అర్థం నిర్ణయించాయి. బతికి ఉన్న సూక్ష్మజీవులై ఉండాలి, తగినంత మోతాదులో తీసుకోవాలి, తీసుకున్నవాళ్లకి మేలు జరగాలి. ఆ మేలు ఫలానా రకంతో జరుగుతుందని రుజువు కూడా ఉండాలి. ఇంటి పెరుగులో ఏ రకాలున్నాయో ఇంటికో తీరు, తోడుకో తీరు. కాబట్టి శాస్త్రం ప్రకారం దాన్ని ప్రోబయోటిక్ అనలేం. దానివల్ల పెరుగు విలువేం తగ్గదు. దాన్ని మందు స్థానంలో పెట్టి లెక్కలు వేసుకోకూడదు, అంతే.

ఎన్ని ఉంటాయి అని అడుగుతారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం యోగర్ట్‌లో గ్రాముకి కనీసం కోటి బతికున్న బ్యాక్టీరియా ఉండాలి. ఆ లెక్కన 150 గ్రాముల కప్పులో 150 కోట్లు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగుకి ఎవరూ లెక్క కట్టరు గానీ, తాజాగా గట్టిగా తోడుకున్న పెరుగులో సూక్ష్మజీవులకి కొదవుండదు.

పెరుగు చేసే మేళ్లలో గట్టి రుజువున్నది ఒకటుంది. పాలు పడనివాళ్లకి పెరుగు పడుతుంది. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ మనలో చాలామందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. పెరుగులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ ప్రోబయోటిక్ కంపెనీల దరఖాస్తులు ఎన్నో తిప్పికొట్టింది గానీ, యోగర్ట్ గురించి చెప్పే ఈ ఒక్క మాటని 2010లో ఒప్పుకుంది.

వేడి సంగతి మర్చిపోకండి. 60 డిగ్రీలు దాటితే పెరుగులోని బ్యాక్టీరియాలో చాలావరకు చచ్చిపోతాయి. మజ్జిగ పులుసు, పెరుగు వేసి ఉడికించిన కూర రుచికి బాగుంటాయి, కానీ బతికున్న బ్యాక్టీరియా కోసమైతే అవి లెక్కలోకి రావు. ఇడ్లీ కూడా అంతే. పిండి పులిసినప్పుడు పుట్టిన మంచి సరుకు కొంత మిగులుతుంది, ఆవిరి మీద ఉడికాక బ్యాక్టీరియా మిగలవు. తోడు పెట్టేటప్పుడు కూడా పాలు వేలికి గోరువెచ్చగా తగలాలి. అంతకన్నా వేడిగా ఉంటే తోడే చచ్చిపోతుంది. మే నెల ఎండల్లో మన వైపు నాలుగైదు గంటల్లోనే తోడుకుంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టకపోతే సాయంత్రానికి పుల్లబడిపోతుంది. పులిసిన పెరుగులో బ్యాక్టీరియా ఉండవని కొందరు అంటారు. ఒకపూట పులిసినంత మాత్రాన ఏం కాదు, నీళ్లు కలిపి మజ్జిగ చేసుకోండి.

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది పెద్దవాళ్ల మీద ఒక అధ్యయనం చేశారు. సగంమందికి 10 వారాల పాటు పెరుగు లాంటి పులిసిన ఆహారాలు పెంచారు, సగంమందికి పీచు పెంచారు. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. ఒంట్లో వాపుని సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచినవాళ్లలో ఆ కొద్దికాలంలో రకాలు పెరగలేదు. ఈ ఫలితం వల్లే పీచు ఒక్కటీ చాలు అని నేను అనను. రెండూ కలిసి పళ్లెంలో ఉండాలి. అయితే ఆ అధ్యయనంలో వాళ్లు తిన్నది రోజుకి ఆరు సర్వింగుల దాకా. మధ్యాహ్నం చివర్లో నాలుగు మెతుకుల్లో వేసుకునే చెంచాడు పెరుగుతో అంత ఆశించకూడదు. మధ్యాహ్నం కప్పు పెరుగు, సాయంత్రం గ్లాసు మజ్జిగ అయితే ఆ దారిలో ఉన్నట్టే.

తరవాణి అన్నం, పఖాళ

మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్లలో కుండ పోయింది, గిన్నె వచ్చింది, కానీ పని అదే. రాత్రి మిగిలిన అన్నం బాగా చల్లారాక మునిగేదాకా నీళ్లు పోసి మూతపెడతారు. పొద్దున్నకి నీళ్లు కాస్త మబ్బుగా మారి, పుల్లని వాసన వస్తుంది. ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, దబ్బాకు ముక్క నలిపి వేసుకుంటే ఎండల్లో దానికి సాటిలేదు. ఒడియావాళ్లు మార్చి 20న పఖాళ దివస్ అని జరుపుకుంటారు కూడా.

పఖాళలోనే తేడాలున్నాయి. సజ పఖాళ అంటే అప్పుడే వండిన అన్నంలో నీళ్లు పోసుకుని తినేది. చలవ చేస్తుంది, కానీ అందులో పులియడమే జరగలేదు. బాసి పఖాళ రాత్రంతా ఊరింది, బ్యాక్టీరియా ఉండేది అందులో. దహి పఖాళలో పెరుగు కలుపుతారు. పొట్ట కోసం అయితే బాసిది, లేదా పెరుగు కలిపి ఊరబెట్టినది ఎంచుకోండి.

ఆ పుల్లటి నీళ్లని ఒడియాలో తొరాణి అంటారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో దీని మీద పరిశోధన చేసి, అందులో షార్ట్ చైన్ ఫ్యాటీ యాసిడ్స్ ఉన్నట్టు గుర్తించారు. ఆ వార్త వచ్చినప్పుడు ఇక్కడ అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ ఒక మాట. నోటితో తాగిన ఆ ఆమ్లాలు చాలావరకు పైభాగంలోనే ఒంట్లోకి ఇంకిపోతాయి, పెద్దపేగు గోడ దాకా చేరేది తక్కువ. అక్కడికి కావలసింది అక్కడే తయారవాలి. ఆ పనికి చద్దన్నంలో పనికొచ్చేది వేరే ఉంది. అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారుతుంది. దాన్ని రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. అది పీచులాగే పెద్దపేగుకి చేరుతుంది. ఆ మొత్తం కొద్దిదే, అయినా రోజూ చేరితే మంచిదే.

నీళ్ల దగ్గర మాత్రం నేను గట్టిగా చెబుతాను. 2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చి ఎంతమంది పోయారో ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. వాగునీళ్లో, చెలమ నీళ్లో నేరుగా అన్నంలో పోసి రాత్రంతా ఉంచితే మంచివాటితో పాటు చెడ్డవీ పెరుగుతాయి. కాచి చల్లార్చిన నీళ్లే పోయండి. ఇంకొకటి, అన్నం వేడిగా ఉండగా మూతపెట్టి గంటల తరబడి వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విషం తయారుచేస్తుంది. అది మళ్లీ వేడిచేసినా పోదు. త్వరగా చల్లార్చి, నీళ్లు పోసి, ఒక చెంచా పెరుగు కలిపేయండి. పులుపు త్వరగా ఎక్కుతుంది, చెడ్డ క్రిములకి అవకాశం తగ్గుతుంది. జిగట తీగ సాగినా, వాసన తేడాగా ఉన్నా పారబోయండి. అన్నానికేం కాదు, పారబోయకూడదని పెద్దవాళ్లు అన్నా సరే.

షుగర్ ఉన్నవాళ్లు ఇది కూడా అన్నమేనని గుర్తుంచుకోవాలి. నీళ్లలో ఊరిందని రెండు పళ్లేలు తినకూడదు.

చోడి అంబలి

వీటన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే. ఇంటికి వచ్చిన చుట్టాలకి కూడా ఇదే చెబుతాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో 11 గ్రాముల పైన పీచు ఉంటుంది. మిల్లు పట్టిన తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు ఉండాలంటుంది. మూడుపూటలా తెల్లన్నం, నీళ్ల చారుతో గడిపే ఇంట్లో అది సగం కూడా అందదు.

మన వైపు చోళ్లకి కరువులేదు. కొరాపుట్, రాయగడ కొండల్లో కంధ, పరజ గిరిజన కుటుంబాలు తరతరాలుగా పండిస్తున్నారు, మండియా పేజ్ అనే చోడి గంజి తాగి పొలానికి వెళ్తున్నారు. మధ్యలో కొన్నాళ్లు చౌకబియ్యం వచ్చి చోళ్లు వెనకబడ్డాయి. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టాక మళ్లీ పంట పెరిగింది, సంతల్లో మంచి సరుకు దొరుకుతోంది. పిండి ప్యాకెట్ కొనేకంటే చోళ్లు కొని, కడిగి ఎండబెట్టి, మిల్లులో మరపట్టించుకోండి. జల్లెడ పట్టకండి. పీచు చాలావరకు ఆ పొట్టులోనే ఉంది.

చేసే పద్ధతి మీకు తెలిసిందే, అయినా పొట్ట కోసం చేసేటప్పుడు వరస ముఖ్యం. రాత్రి చోడిపిండిని నీళ్లలో జారుగా కలిపి మూతపెడితే పొద్దున్నకి పైన చిన్న చిన్న బుడగలు తేలి, పుల్లని వాసన వస్తుంది. నూకలు ఉడుకుతున్న నీళ్లలో ఆ పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ, పచ్చివాసన పోయేదాకా ఉడికించాలి. ఈ ఉడకడంలో రాత్రి పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఫర్వాలేదు, పులియడం వల్ల గింజలోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టడం మెరుగవుతుంది, పీచు ఎక్కడికీ పోదు. అంబలి బాగా చల్లారాక, గిన్నె బయట చెయ్యి పెడితే వేడి తెలియనప్పుడు, చిక్కటి మజ్జిగ కలపండి. వేడిగా ఉండగానే కలిపితే మజ్జిగలోని బ్యాక్టీరియా కూడా పోతాయి. ఇలా చేసిన ఒక్క గ్లాసులో బతికున్న బ్యాక్టీరియా, పేగులో ఉన్నవాటికి తిండి, రెండూ ఉన్నాయి. ఇలా రెండూ కలిసినదాన్ని సిన్‌బయోటిక్ అని పేరుపెట్టి డబ్బాలో అమ్ముతున్నారు.

అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా రెండు గ్లాసులు తాగితే పొట్ట ఉబ్బరం, గ్యాస్ వస్తాయి. బ్యాక్టీరియా పీచుని పులియబెడుతున్నాయనడానికి అది గుర్తే గానీ, ఇబ్బంది ఇబ్బందే. అరగ్లాసుతో మొదలుపెట్టి రెండుమూడు వారాల్లో పెంచుకోండి, నీళ్లు ఎక్కువ తాగండి. చోళ్లతో పాటు కందిపప్పు, పెసలు, ఉలవలు, ఆకుకూరలు, అరటి దూట కూడా మార్చి మార్చి తినండి. రకరకాల పీచు తింటే రకరకాల బ్యాక్టీరియా బతుకుతాయి.

చిన్న సీసా డ్రింకులు

వీటిలో అందరికీ తెలిసింది యాకుల్ట్. జపాన్‌లో మినోరు షిరోటా అనే శాస్త్రవేత్త 1930లో వేరుచేసిన ఒక లాక్టోబాసిల్లస్ రకంతో 1935 నుంచి తయారవుతోంది. 65 మి.లీ. సీసాలో 650 కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని రాసి ఉంటుంది. ఏ రకమో, ఎన్నో తెలియడం ఇలాంటి వాటిలో ఉన్న మంచి. చక్కెర కలుపుతారు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు లేబుల్ మీద చక్కెర గ్రాములు చూసి నిర్ణయించుకోవాలి. ఫ్రిజ్‌లో ఉన్నదే కొనాలి. జయపురం, బరంపురం లాంటి చోట్ల పెద్ద షాపుల్లో ఫ్రిజ్ నడుస్తుంది. లోపలి ఊళ్లకి బస్సులో వెళ్లి, కరెంటు పోయే చోట ఉన్న సీసాకి గ్యారంటీ ఇవ్వలేం. ఇష్టమై తాగేవాళ్లని వద్దనను. ఇంట్లో పెరుగు ఉన్న ఆరోగ్యవంతుడికి దీని అవసరం కనపడదు నాకు.

క్యాప్సూల్, సాషే, చిన్న సీసా మందులు

ఇక్కడ చూడాల్సింది పేరు. ఊళ్లో పట్నాయక్‌గారి ఇల్లెక్కడ అని అడిగితే పది ఇళ్లు చూపిస్తారు. బ్యాక్టీరియా పేరు కూడా అంతే, లాక్టోబాసిల్లస్ అన్నంత మాత్రాన ఎవరో తెలియదు. డబ్బా మీద మూడు భాగాల పేరు ఉండాలి. ఉదాహరణకి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. చివరి ఆ జీజీ అన్నదే ఏ రకమో చెబుతుంది. పరీక్షలన్నీ ఆ రకం మీద జరిగాయి. పక్క రకానికి ఆ ఫలితాలు వర్తించవు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ప్రోబయోటిక్ ఆహారంలో రోజువారీ మోతాదుకి కనీసం 10 కోట్ల బతికున్న జీవులు ఉండాలి. ఆ సంఖ్య తయారైన రోజుదా, గడువు తీరే రోజు దాకా నిలిచేదా అనేది చూడండి. "14 రకాలు", "5000 కోట్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, రకాల పేర్లు సరిగా రాయని డబ్బాని నేను చేతికివ్వను.

మా షాపులో ఎక్కువగా కదిలేవి మూడు. ఒకటి ఇప్పుడు చెప్పిన జీజీ. రెండోది శాకరోమైసిస్ బౌలార్డి. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. 1920ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బులార్ ఇండోచైనాలో ఉన్నప్పుడు, కలరా రోజుల్లో అక్కడివాళ్లు లిచీ, మాంగోస్టీన్ పళ్ల తొక్కలు కాచి తాగడం చూసి, వాటి నుంచి దీన్ని వేరుచేశాడు. యాంటీబయాటిక్స్ ఈస్ట్‌ని చంపలేవు, అందుకే వాటితో పాటు వాడుకోవచ్చు. మూడోది బాసిల్లస్ క్లాసీ. పిల్లలకి తాగించే 5 మి.లీ. చిన్న సీసాలో 200 కోట్ల స్పోర్లు ఉంటాయి. స్పోరు అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న బ్యాక్టీరియా. ఫ్రిజ్ లేకపోయినా చెడదు, మన ఎండలకి అదో సౌకర్యం. జీజీ లాంటి మిగతా వాటికి వేడి శత్రువే. కొనేటప్పుడు ఎక్కడి నుంచి తీసి ఇచ్చారో చూడండి, ఇంటికి తీసుకెళ్లాక స్కూటర్ డిక్కీలో మర్చిపోకండి.

ఇవి ఎప్పుడు పనిచేస్తాయి? యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలకి రుజువు బాగుంది. పిల్లల మీద జరిగిన 33 పరీక్షలు, 6,352 మంది లెక్కలు కలిపి 2019లో కోక్రేన్ సంస్థ చూసినప్పుడు, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 19 శాతం మందికి విరేచనాలు వచ్చాయి. రోజుకి 500 కోట్లు, ఆపైన తీసుకుంటే ఫలితం మెరుగ్గా ఉంది. జీజీ, బౌలార్డి రెండూ ముందున్నాయి. కాబట్టి డాక్టరుగారు యాంటీబయాటిక్‌తో పాటు రాస్తే కొనండి, మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కీ దానికీ రెండు గంటలు ఎడం ఉంచండి. కోర్సు అయిపోయాక నెలల తరబడి కొనసాగించకండి. 2018లో ఇజ్రాయెల్‌లో కొద్దిమంది మీద చేసిన అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత పదకొండు రకాల ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది.

పెరుగు మీద ఇంకో జాగ్రత్త. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మాత్రల్ని పాలతో, పెరుగుతో కలిపి వేసుకుంటే కాల్షియం వాటిని పట్టేస్తుంది, మందు ఒంట్లోకి సరిగా చేరదు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి పెరుగన్నం తినండి. పెరుగన్నం ముందే తినేస్తే మాత్రకి ఇంకా ఎక్కువ గంటలు ఆగాలి.

చిన్నపిల్లలకి మామూలుగా వచ్చే నీళ్ల విరేచనాలకి పరిస్థితి వేరు. 2018లో అమెరికా, కెనడాల్లో చేసిన రెండు పెద్ద పరీక్షల్లో ప్రోబయోటిక్ ఇచ్చిన పిల్లలకీ, ఇవ్వని పిల్లలకీ తేడా కనిపించలేదు. అందుకని పిల్లాడికి విరేచనాలని పరుగెత్తుకొచ్చినవాళ్లకి నేను ముందు ఇచ్చేది ఓఆర్ఎస్, జింక్. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా. జింక్, 14 రోజులు. డబ్బులు ఒక్కదానికే ఉంటే ఓఆర్ఎస్ కొనండి. కళ్లు లోతుకుపోయినా, ఒంటేలు ఆగినా, మలంలో రక్తం కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పసిపిల్లల సంగతి

ఒడిశా పేరు ఈ విషయంలో ప్రపంచమంతా తెలిసింది. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం ఒడిశా పల్లెల్లో 4,556 మంది అప్పుడే పుట్టిన పిల్లల మీద ఒక పరీక్ష చేసి, 2017లో నేచర్ పత్రికలో ప్రచురించింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక ప్రత్యేక రకాన్ని, దానికి తిండిగా ఒక రకం పీచుని కలిపి ఏడు రోజులు ఇచ్చారు. ఇవ్వని పిల్లల్లో 9 శాతం మందికి సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్) రావడమో, చనిపోవడమో జరిగితే, ఇచ్చినవాళ్లలో అది 5.4 శాతానికి తగ్గింది. చాలా పెద్ద మేలు. కానీ వాళ్లంతా 2 కిలోల పైన బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న పిల్లలు. ఇచ్చింది ఆ ఒక్క రకమే, అదీ పరిశోధక బృందం పర్యవేక్షణలో. దీన్ని చూసి షాపులో దొరికే ఏదో సాషే పసిబిడ్డ నోట్లో వెయ్యకూడదు. నెలలు నిండని పిల్లలకి మరీ ప్రమాదం. ప్రోబయోటిక్ ఇచ్చిన ఒక బిడ్డ చనిపోయాక, 2023లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆస్పత్రుల్ని హెచ్చరించింది. ఇంట్లో చేయగలిగింది తల్లిపాలు మాత్రమే ఇవ్వడం. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి బిడ్డ పేగులోని బైఫిడో బ్యాక్టీరియాకే తిండి.

పోస్ట్‌బయోటిక్, బ్యూటిరేట్ మాత్రలు

2021లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఇచ్చిన అర్థం ప్రకారం, ప్రాణం లేని సూక్ష్మజీవులతోనో, వాటి భాగాలతోనో చేసి, మేలు చేసేదే పోస్ట్‌బయోటిక్. విడిగా శుద్ధిచేసిన బ్యూటిరేట్ ఒక్కటే ఉంటే దానికి ఆ పేరు వర్తించదు. అయినా రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తున్నారు. బ్యూటిరేట్‌ని పెద్దపేగు దాకా కరగకుండా చేర్చడానికి ప్రత్యేకమైన పూత కావాలి, అందుకే ధర ఎక్కువ. పేగులో వాపు, పుండ్ల జబ్బులున్న కొందరికి నిపుణులు రాస్తారు. వాళ్లు రాస్తే తప్ప, సొంతంగా కొనకండి. ఆ ధరకి నెలకి సరిపడా చోళ్లు, పప్పులు వస్తాయి.

ఎవరికి ఏది

మలబద్ధకంతో బాధపడే పెద్దవాళ్లు క్యాప్సూల్ జోలికి వెళ్లక్కర్లేదు. అంబలి, ఆకుకూర, నీళ్లు, చాలకపోతే రాత్రి ఇసబ్‌గోల్. ఇసబ్‌గోల్ పేగులో పెద్దగా పులియదు, అందుకే గ్యాస్ తక్కువ. ఉన్నట్టుండి మలవిసర్జన తీరు మారినా, బరువు తగ్గినా డాక్టరుకి చూపించాలి. పాలు పడనివాళ్లకి పెరుగు, మజ్జిగ. బీపీ ఉన్నవాళ్లు మజ్జిగలో, తరవాణిలో ఉప్పు తగ్గించుకోండి.

క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు, మెడ దగ్గర పెద్ద నరంలో లైన్ (మందులెక్కించే గొట్టం) పెట్టినవాళ్లు బతికున్న ప్రోబయోటిక్ ఏదీ డాక్టరుని అడక్కుండా తీసుకోకూడదు. బౌలార్డి ఈస్ట్ అలాంటివాళ్ల రక్తంలో చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. రోగి మంచం పక్కన ఆ సాషే చింపడం కూడా మంచిది కాదు, ఆ పొడి చేతికి అంటుకుని లైన్‌కి తగులుతుంది. ఈ మాట ఆస్పత్రిలో తోడుగా ఉండేవాళ్లకి తప్పకుండా చెప్పండి.

చాలాకాలంగా పొట్ట ఉబ్బరం, ఒకరోజు విరేచనం, ఒకరోజు మలబద్ధకం ఉండి, పరీక్షల్లో ఏమీ తేలక డాక్టరుగారు ఐబీఎస్ అన్నవాళ్లకి ఫలానాదే పనిచేస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేరు. ప్రయత్నించి చూడాలనుకుంటే ఒక్క ఉత్పత్తినే ఎంచుకుని, డబ్బా మీద రాసిన మోతాదులో, కనీసం నాలుగు వారాలు వాడి చూడమని బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ నాలుగు వారాలూ ఉబ్బరం ఎలా ఉందో ఏ రోజుకా రోజు రాసి పెట్టుకోండి. తేడా లేకపోతే ఆపేయండి. కొత్త డబ్బా కోసం వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురండి, కలిసి చూద్దాం.